కుక్కతో విదేశీ ప్రయాణం: నెల్లూరు, ఒంగోలు వాళ్లు ఆరు నెలల ముందే మొదలుపెట్టాల్సిన పనులు

టికెట్లు తీసుకున్నాక పశువుల డాక్టర్‌ని కలుద్దాంలే అనుకునేవాళ్లే ఎక్కువ. చిక్కు అక్కడే మొదలవుతుంది. మనకైతే పాస్‌పోర్టు, వీసా చేతికొస్తే బయల్దేరవచ్చు. కుక్క విషయంలో కాగితాలు ఉంటే సరిపోదు, అవి ఏ వరుసలో వచ్చాయో కూడా చూస్తారు. మొదట మైక్రోచిప్, తర్వాత రేబిస్ టీకా, ఆ తర్వాత రక్తపరీక్ష, చివర్లో కొన్ని నెలల నిరీక్షణ. ఈ వరుస తప్పితే బతిమాలినా ప్రయోజనం ఉండదు, మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఇంత పట్టుదల ఎందుకంటే, కుక్కల ద్వారా రేబిస్ ఎక్కువగా వ్యాపించే దేశాల్లో మనది ఒకటి. బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియాలో కుక్కలకు ఈ జబ్బే లేదు. జబ్బు సోకినా నెలల తరబడి లక్షణాలు బయటపడకపోవచ్చు కాబట్టి, పైకి ఆరోగ్యంగా కనబడుతోందన్న మాట వాళ్లకు చాలదు. ఈ సంగతి తెలిస్తే నిరీక్షణ నెలలు అన్యాయంగా అనిపించవు.

తీసుకెళ్లాలా వద్దా

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రెండు, మూడు వారాల సరదా ప్రయాణానికి కుక్కను విదేశానికి తీసుకెళ్లకండి. ఇంటి దగ్గర అమ్మమ్మో, పక్కింటి వాళ్లో చూసుకునే వీలుంటే అదే దానికి సుఖం. పెట్టెలో పద్దెనిమిది, ఇరవై గంటలు, కొత్త చోటు, కొత్త మనుషులు, మళ్లీ అంతే ప్రయాణం వెనక్కి. మన ఫొటోల కోసం దాన్ని అంత కష్టపెట్టకూడదు. డాలస్‌లో కూతురి కాన్పుకు వెళ్లి ఆరు నెలలు ఉండే తల్లిదండ్రుల సంగతి వేరు. వాళ్లు లేకపోతే తిండి మానేసే కుక్కలుంటాయి. అలాంటి వాళ్లు తప్పకుండా తీసుకెళ్లొచ్చు, మొదలుపెట్టాల్సింది మాత్రం ఆరు నెలల ముందు.

జాతి సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. బ్రిటన్‌లో పిట్‌బుల్ టెర్రియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలైరో, ఎక్స్‌ఎల్ బుల్లీ నిషిద్ధం. గల్ఫ్ దేశాల జాబితాలు ఇంకా పెద్దవి. మన వైపు ఇళ్లలో ఎక్కువగా పెంచే రాట్‌వైలర్, డాబర్‌మన్ ఉన్నవాళ్లు ఆ దేశపు జాబితా చూడకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చుపెట్టవద్దు. పగ్, షిట్జు, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు వేడిలో ఊపిరి అందదు. చాలా విమానయాన సంస్థలు వాటిని అసలు ఎక్కించుకోవు, లేదా ఎండాకాలంలో ఎక్కించుకోవు.

వీధి నుంచి తెచ్చి పెంచుకున్న దేశవాళీ కుక్కకు ఏ అడ్డూ లేదు. జాతిని ధ్రువీకరించే కెన్నెల్ క్లబ్ పత్రాలు ఎవరూ అడగరు. జాతి అన్న చోట మిశ్రమ జాతి అని, పుట్టిన తేదీ తెలియకపోతే పళ్లు చూసి డాక్టర్ అంచనా వేసిన తేదీని రాయిస్తే చాలు. ఒకసారి రాసిన ఆ తేదీని అన్ని కాగితాల్లోనూ అలాగే ఉంచాలి.

మొదటి పని: చిప్

మైక్రోచిప్ బియ్యపు గింజంత ఉంటుంది. మెడ వెనక, రెండు భుజాల మధ్య చర్మం కింద సూదితో పెడతారు. మత్తు అక్కర్లేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టిన 11784, 11785 ప్రమాణాలకు సరిపోయే 15 అంకెల చిప్పే కావాలని ముందే చెప్పండి. నంబరు 356తో మొదలైతే అది మన దేశపు కోడ్, 9తో మొదలైతే సాధారణంగా తయారీ సంస్థ కోడ్. రెండూ చెల్లుతాయి.

చిప్ పెట్టించుకుని వెంటనే లేచి రావద్దు. "డాక్టర్ గారూ, ఒకసారి స్కాన్ చేసి చూపిస్తారా?" అని అడగండి. స్కానర్ తెర మీద కనబడే 15 అంకెలనూ చిప్ ప్యాకెట్ మీది స్టిక్కర్‌తో ఒక్కొక్కటిగా సరిచూసి, ఫొటో తీసుకోండి. ఆ స్టిక్కర్‌ను టీకా పుస్తకంలో అతికించి, పెట్టిన తేదీ, చోటు రాయించి, సంతకం, ముద్ర వేయించుకోండి. తర్వాత వచ్చే ప్రతి కాగితం మీదా ఈ నంబరే ఉండాలి. ఒక్క అంకె తారుమారైనా అది వేరే కుక్క కాగితమే అవుతుంది.

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో చిప్ పెట్టే ప్రైవేటు డాక్టర్లు దొరకకపోతే తిరుపతిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రిలోనో, చెన్నై వేపేరిలో 1903 నుంచి ఉన్న మద్రాస్ వెటర్నరీ కాలేజీలోనో కనుక్కోండి. వెళ్లే ముందు ఫోన్ చేసి, చిప్, స్కానర్ రెండూ ఉన్నాయో లేదో అడగండి.

రెండో పని: రేబిస్ టీకా, చిప్ తర్వాతే

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడ. "మా వాడికి ఏటా టీకా వేయిస్తూనే ఉన్నాం కదా" అంటారు. నిజమే, కానీ చిప్ పెట్టక ముందు వేసిన టీకా యూరప్, బ్రిటన్ లెక్కలో చెల్లదు. ఆ టీకా ఈ కుక్కకే వేశారని నిరూపించే ఆధారం లేదు కాబట్టి. చిప్ పెట్టిన రోజునే టీకా వేయించవచ్చు, చిప్ ముందు, సూది తర్వాత. కుక్కకు కనీసం 12 వారాల వయసు నిండి ఉండాలి.

ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే జూనోసిస్ దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. చాలా మంచి కార్యక్రమం, ఊళ్లోని ప్రతి కుక్కకూ వేయించాలి. అయితే రద్దీలో చిప్ నంబరుతో, బ్యాచ్ నంబరుతో విడిగా సర్టిఫికెట్ రాయించుకోవడం కష్టం. విదేశం వెళ్లే కుక్కకు మామూలు రోజున, తీరిగ్గా వేయించండి. టీకా సీసా మీది స్టిక్కర్, సంస్థ పేరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, ఎప్పటి వరకు చెల్లుతుందో ఆ తేదీ, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు అన్నీ పుస్తకంలో ఉండాలి. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే నిలుస్తుంది. మన ఎండల్లో, కరెంటు కోతల్లో ఇది చిన్న విషయం కాదు. ఫ్రిజ్‌లోంచి తీసి వేస్తున్నారా అని చూడటంలో మొహమాటం అక్కర్లేదు.

మూడో పని: టైటర్ టెస్ట్

టీకా వేయించామని చెబితే చాలదు, అది పనిచేసిందని రక్తం చెప్పాలి. రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉన్నాయని తేల్చేదే టైటర్ టెస్ట్. టీకా వేసి కనీసం 30 రోజులు నిండాక రక్తం తీయాలి. ఇరవై తొమ్మిదో రోజు తీసినా చెల్లదు.

మొదటిసారి ఒక్క డోసు మీదే పరీక్షకు వెళ్తే కొన్ని కుక్కలు 0.5 అందుకోవు. అందుకే మూడు, నాలుగు వారాల తేడాతో రెండో డోసు వేయించి, దానికి 30 రోజులు దాటాక రక్తం తీయించడం మేలు. అలాగని మరీ ఆలస్యం చేయకూడదు, నెలలు గడిచేకొద్దీ యాంటీబాడీలు తగ్గుతూ పోతాయి. ముప్పై దాటి నలభై ఐదు లోపు అనుకోండి.

పరీక్ష ఎక్కడపడితే అక్కడ చేయించేది కాదు. మీరు వెళ్లే దేశం ఆమోదించిన ల్యాబ్‌లోనే జరగాలి. యూరోపియన్ యూనియన్ జాబితా, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ జాబితా రెండూ వాళ్ల వెబ్‌సైట్లలో ఉంటాయి. ఫ్రాన్స్‌లోని నాన్సీ ల్యాబ్, అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ ల్యాబ్ ఈ పనికి పేరున్నవి. రక్తం నుంచి సీరం వేరుచేసి, ఐస్ ప్యాక్‌లతో కొరియర్ చేయాలి. నెల్లూరులో రక్తం తీసి పంపడం కన్నా, ఇలాంటి పార్సిళ్లు తరచూ పంపే చెన్నై క్లినిక్‌లో తీయించడం నయం. తీసే ముందు చిప్ స్కాన్ చేయమనండి. ఫారంలో చిప్ నంబరు, రక్తం తీసిన తేదీ రాయించి, దాని ఫొటో తీసుకోండి. నిరీక్షణ లెక్క రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు, రక్తం తీసిన రోజు నుంచి.

ఏ దేశానికి ఎంత నిరీక్షణ

యూరప్: రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. ఉదాహరణకు అక్టోబరు 1న చిప్, టీకా, అక్టోబరు 29న రెండో డోసు, నవంబరు 30న రక్తం అనుకుంటే, మార్చి మొదటి వారానికి గానీ కుక్క యూరప్‌లో అడుగు పెట్టడం కుదరదు. అంటే వేసవి సెలవుల ప్రయాణానికి దసరా రోజుల్లోనే పని మొదలవ్వాలి. యూరప్ ఆరోగ్య సర్టిఫికెట్ ఇంగ్లిషులోనూ, మొదట దిగే దేశపు భాషలోనూ ఉండాలి. దాన్ని జారీ చేసిన 10 రోజుల్లోపు అక్కడికి చేరాలి. చేరాక యూరప్ లోపల కొన్ని నెలల వరకు తిరగడానికి పనికొస్తుంది, ఆ లోపు టీకా గడువు తీరకపోతేనే. కుక్క మీతోనే, లేదా మీ ప్రయాణానికి ఐదు రోజులు అటూ ఇటూగా వెళ్లాలి. అమ్మకానికి కాదని మీరు సంతకం చేసిన డిక్లరేషన్ కూడా జతచేయాలి. దుకాణాల్లో పెట్ పాస్‌పోర్ట్ పేరుతో అమ్మే పుస్తకం మన డాక్టర్‌కు టీకాలు రాసుకోవడానికి బాగుంటుంది గానీ, అది యూరప్ పెట్ పాస్‌పోర్ట్ కాదు.

బ్రిటన్: చిప్, టీకా, టైటర్, మూడు నెలలు అన్నీ యూరప్‌కు ఉన్నట్టే. అదనంగా రెండు. విమానంలో కుక్క మీ సామానుగా కాక కార్గోగానే బ్రిటన్‌లో దిగాలి. నులిపురుగుల మందు ఒకటి అక్కడికి చేరడానికి 24 గంటల ముందు నుంచి 120 గంటల ముందు లోపు డాక్టర్ చేత వేయించి, సమయంతో సహా రాయించాలి. ప్రాజిక్వాంటెల్ ఉన్న బిళ్ల అది, బద్దెపురుగు కోసం. ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వేలకు కూడా ఈ మందు నియమం ఉంది.

అమెరికా: మన జిల్లాల నుంచి ఎక్కువగా వెళ్లేది ఇక్కడికే. 2024 ఆగస్టు 1 నుంచి నియమాలు మారాయి, పాత అనుభవంతో చెప్పే సలహాలు నమ్మకండి. కుక్కకు కనీసం ఆరు నెలల వయసు ఉండాలి. చిప్ ఉండాలి. సీడీసీ డాగ్ ఇంపోర్ట్ ఫారం ఆన్‌లైన్‌లో నింపి రసీదు తీసుకోవాలి. భారత్‌లో టీకా వేసిన కుక్కకు రేబిస్ టీకా, చిప్ వివరాల సర్టిఫికేషన్ ఫారాన్ని డాక్టర్ నింపాక, ప్రభుత్వ పశువైద్య అధికారి ధ్రువీకరించాలి. టైటర్ కోసం రక్తం దిగే రోజుకు కనీసం 28 రోజుల ముందు తీసి ఉండాలి. టైటర్ లేకుండా వెళ్తే అక్కడ 28 రోజులు క్వారంటైన్, ఖర్చంతా మీదే. ఇంకో ముఖ్యమైన సంగతి, సీడీసీ నమోదు చేసిన జంతు సంరక్షణ కేంద్రంలో ముందే చోటు బుక్ చేసుకోవాలి, ఆ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. నియమం వచ్చినప్పుడు అట్లాంటా, న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజిలస్, మయామీ, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డలెస్ ఆ జాబితాలో ఉన్నాయి. కూతురు డాలస్‌లో ఉందని నేరుగా డాలస్ టికెట్ తీసుకుంటే కుక్కకు ప్రవేశం ఉండదు. ముందు కేంద్రం, తర్వాత టికెట్.

జపాన్: రెండు రేబిస్ డోసులు, రక్తం తీశాక 180 రోజుల నిరీక్షణ, చేరడానికి 40 రోజుల ముందే వాళ్ల క్వారంటైన్ శాఖకు సమాచారం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మన దేశం నుంచి నేరుగా కుక్కలను తీసుకోవు, వాళ్లు ఆమోదించిన మరో దేశంలో నెలలు ఉంచాక గానీ రానివ్వవు. సెలవుల కోసమైతే ఆ ఆలోచన వదిలేయండి. దుబాయ్‌కి అక్కడి పర్యావరణ మంత్రిత్వ శాఖ ఇంపోర్ట్ పర్మిట్ ముందే కావాలి. మధ్యలో విమానం మారేవాళ్లు ఆ దేశపు ట్రాన్సిట్ నియమాలు కూడా చూసుకోవాలి.

పెట్టె

పెట్టె కొలతకు అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఐఏటీఏ లెక్క ఉంది. ముక్కు కొస నుంచి తోక మొదలు వరకు పొడవు, దానికి నేల నుంచి ముందుకాలి మోచేతి వరకు ఎత్తులో సగం కలిపితే పెట్టె పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు పెట్టె వెడల్పు. నిలబడితే నేల నుంచి తల పైభాగం, లేదా నిక్కిన చెవుల కొస వరకు ఎంతో అంత పెట్టె ఎత్తు, పరుపు మందం అదనం. ఒక లాబ్రడార్ పొడవు 90 సెంటీమీటర్లు, మోచేయి 34, భుజాలు 28, ఎత్తు 68 అయితే, పెట్టె లోపల 107 పొడవు, 56 వెడల్పు, 68 పైన ఎత్తు ఉండాలి. చప్పిడి ముక్కు వాటికి పది శాతం పెద్దది. నాలుగు వైపులా గాలి రంధ్రాలు, గట్టి తలుపు, బయటి నుంచి నీళ్లు పోసే గిన్నె తప్పనిసరి.

పెట్టెను ప్రయాణానికి రెండు నెలల ముందే ఇంట్లోకి తెచ్చి, తలుపు తీసి హాల్లో పెట్టండి. రోజూ అన్నం అందులోనే పెట్టండి. తనంతట తాను వెళ్లి పడుకోవడం మొదలుపెట్టాక తలుపు వేసి పది నిమిషాలు, తర్వాత గంట, తర్వాత ఒక రాత్రి. ఆ తర్వాత పెట్టెతో సహా కారులో మైపాడు బీచ్ దాకానో, ఒంగోలు వాళ్లయితే కొత్తపట్నం దాకానో తిప్పండి. కాగితాల కన్నా ఈ అలవాటే కుక్కకు ఎక్కువ మేలు చేస్తుంది. మత్తు బిళ్ల వేస్తే నిద్రపోతుంది కదా అని మాత్రం అనుకోవద్దు. విమానంలో మత్తు వల్ల రక్తపోటు, ఊపిరి పడిపోయే ప్రమాదం ఉంది, మత్తులో ఉన్న కుక్కను సంస్థలు కూడా నిరాకరిస్తాయి.

చివరి పది రోజులు, చెన్నై

మన దేశం నుంచి కుక్క బయటికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వపు యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీసెస్ ఎగుమతి ఆరోగ్య సర్టిఫికెట్ ఇవ్వాలి. అందరూ ఏక్యూసీఎస్ అంటారు. నెల్లూరుకు చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, ఒంగోలుకు 290. చెన్నై కేంద్రం పల్లికరణైలో ఉంది. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు వాళ్లకు హైదరాబాద్ కేంద్రం దగ్గర. పరీక్ష ఏ ఆఫీసులో జరుగుతుందో అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. ఒక నెల ముందే ఒకసారి సంప్రదించి, మీరు వెళ్లే దేశానికి ఏ ఫారం వాళ్లు ఇస్తారో, ఏం జతచేయాలో తెలుసుకుంటే చివర్లో టెన్షన్ ఉండదు.

పట్టుకెళ్లాల్సినవి: మీ పాస్‌పోర్టు, వీసా, టికెట్, కుక్క ఫొటోలు, టీకా పుస్తకం, చిప్ సర్టిఫికెట్, టైటర్ రిపోర్టు, ప్రయాణానికి వారం లోపు రిజిస్టర్డ్ పశువైద్యుడు లెటర్‌హెడ్ మీద ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్. అన్నిటికీ మూడేసి జిరాక్సులు. వెళ్లే ముందు రాత్రి ఈ కాగితాలన్నీ బల్ల మీద పక్కపక్కన పరిచి చూడండి. ఒకచోట రంగు బ్రౌన్ అని, ఇంకోచోట ఫాన్ అని ఉందా? పేరు ఒకచోట రాముడు, ఇంకోచోట రాము అని ఉందా? యజమాని పేరు పాస్‌పోర్టులో ఇంటిపేరుతో, టీకా పుస్తకంలో ఇంటిపేరు లేకుండా ఉందా? ఇప్పుడైతే మీ డాక్టర్ దిద్ది సంతకం పెట్టగలరు. లండన్‌లో ఎవరూ దిద్దరు.

కుక్కను కూడా తీసుకెళ్లాలి, అధికారి చూస్తారు. ఒంటి మీద పిడుదులు కనబడితే బాగుండదు. మన కోస్తాలో వీటి బెడద ఏడాది పొడవునా ఉంటుంది, పిడుదుల జ్వరం కూడా సాధారణం. రెండు నెలల ముందు నుంచే మందు వాడుతూ, ఒకసారి రక్తపరీక్ష చేయించండి.

ఏజెంట్లు ఉన్నారు, కార్గోలో పంపాలంటే కస్టమ్స్ పనికి వాళ్లు కావాలి కూడా. పని వాళ్లకు అప్పగించినా, తేదీల లెక్క మాత్రం మీ దగ్గర ఒక కాగితం మీద ఉండాలి.

చెన్నై దాకా కారే మేలు. రైల్లో అయితే ఏసీ ఫస్ట్ క్లాస్‌లో కూపేనో క్యాబినో మొత్తం మీ పేర బుక్ అయితేనే కుక్క మీతో ఉంటుంది, లేకపోతే బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్సులో వేస్తారు. ఆ బాక్సులో ఎండాకాలం పంపవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో అసలు ప్రయాణమే పెట్టుకోకండి. మిగతా రోజుల్లోనూ తెల్లవారుజామునే బయల్దేరి, ఎండ ముదిరేలోపు సూళ్లూరుపేట, తడ దాటేయండి. విమానానికి నాలుగైదు గంటల ముందు కొద్దిగా తిండి, ఆ తర్వాత నీళ్లు మాత్రమే. పెట్టెలో మీరు కట్టుకున్న పాత చీరో, లుంగీయో ఉతక్కుండా వేయండి.

తిరిగి రావడం

దీన్ని బయల్దేరే ముందే ఆలోచించాలి. విదేశం నుంచి కుక్కలు మన దేశంలో అడుగుపెట్టేది ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ విమానాశ్రయాల్లోనే. వచ్చే ముందే ఏక్యూసీఎస్ నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు ఇచ్చిన ఎగుమతి సర్టిఫికెట్టే ఇది మన కుక్క అనడానికి ఆధారం, దాని అసలు కాపీని అక్కడ ఎవరికీ ఇచ్చేయకండి. అమెరికా, యూరప్ వైపు నుంచి బయల్దేరేటప్పుడు అక్కడి ప్రభుత్వ పశువైద్య అధికారి ధ్రువీకరించిన ఆరోగ్య సర్టిఫికెట్ కూడా కావాలి.

రేబిస్ టీకా వేసి 30 రోజులు దాటి, 12 నెలలు దాటకుండా ఉండాలన్నది మన దేశపు నియమం. ఆరు నెలలు అక్కడ ఉండేవాళ్లకు ఏడాది గడువు అక్కడే తీరవచ్చు. అలాంటప్పుడు గడువు తీరకముందే, తిరుగు ప్రయాణానికి నెల పైన ఉండగా అక్కడి డాక్టర్ దగ్గర బూస్టర్ వేయించి, పాత, కొత్త సర్టిఫికెట్లు రెండూ తెచ్చుకోండి. చెన్నైలో దిగే రోజు ప్రభుత్వ సెలవు కాకుండా చూసుకుని, దిగే సమయం అధికారికి ముందే తెలియజేయండి.

ఇంటికొచ్చాక వచ్చే ఏటి టీకా తేదీని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. ఆ తేదీ ఒక్క రోజు కూడా దాటకుండా ఏటా బూస్టర్ వేయిస్తూ పోతే, యూరప్ కోసం చేయించిన టైటర్ రిపోర్టు ఆ కుక్క బతికున్నంత కాలం చెల్లుతుంది.